అతుక్కుపోయిన జన్యువులు, రక్త క్యాన్సర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల తెలుగువారి నుంచి రక్త క్యాన్సర్ రిపోర్టుల గురించి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం. పేర్లు వేయడం లేదు, ఊళ్లు మాత్రం ఉంచాం. మందుల మోతాదులు విషయం అర్థం కావడానికి రాసినవి. వాటిని మార్చాల్సింది మీకు వైద్యం చేస్తున్న హెమటాలజిస్టే (రక్త వ్యాధుల డాక్టరే).

సిరొంచ, గడ్చిరోలి జిల్లా: మా తమ్మునికి 34 ఏండ్లు. ఏడాది సంది నీరసం, ఎడమ డొక్కల బల్ల (ప్లీహం) పెరిగింది. మలేరియా అని రెండు మూడు సార్లు మందులు వాడిన్రు. ఇప్పుడు తెల్ల కణాలు 1,86,000 ఉన్నయని, ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ పాజిటివ్ అని చెప్పిన్రు. మా అమ్మానాయినలది మేనరికం. దానివల్లనే వచ్చిందా? తమ్ముని పిల్లలకు కూడా పరీక్ష చేయించాల్నా?

జవాబు: పిల్లలకు ఏ పరీక్షా అక్కర్లేదు. మేనరికానికీ ఈ జబ్బుకూ, అంటే సీఎంఎల్ (క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా) అనే రక్త క్యాన్సర్‌కూ, సంబంధం లేదు. మీ అమ్మానాన్నల మీద నింద పెట్టుకునే పని అంతకన్నా లేదు.

మన కణాల్లో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. మీ తమ్ముడి ఎముక మూలుగలో ఒకే ఒక్క మూలకణంలో 9వ క్రోమోజోమ్ చివరి ముక్క, 22వ క్రోమోజోమ్ చివరి ముక్క తెగి, ఒకదాని చోట ఇంకొకటి అతుక్కున్నాయి. ఇది పుట్టుకతో వచ్చింది కాదు, పుట్టాక జరిగింది, అదీ రక్తం తయారుచేసే కణంలోనే. వీర్యంలోకి వెళ్లే కణాల్లో ఈ మార్పు లేదు కాబట్టి పిల్లలకు దిగదు. ముక్కలు ఇలా తారుమారు కావడాన్నే ట్రాన్స్‌లొకేషన్ అంటారు. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ ఈ రోగుల కణాల్లో పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోమును చూశారు. ఆ పేరు అలా వచ్చింది. పోయిన ముక్క ఎటు పోయిందో 1973లో షికాగోలో జానెట్ రౌలీ తేల్చారు. అది 9వ దానికి అతుక్కుని ఉంది.

అతుక్కున్న చోట రెండు జన్యువులు కలిసి ఒకటయ్యాయి. 22వ దాని మీది బీసీఆర్, 9వ దాని మీది ఏబీఎల్1. ఏబీఎల్1 ఇచ్చే ప్రొటీన్ కణాన్ని ‘పెరుగు, రెండుగా చీలు’ అని పురమాయించే ఎంజైము. మామూలుగా దాని ముందు భాగంలో ఉన్న మూత లాంటి ముక్క దాన్ని అదుపులో ఉంచుతుంది. బీసీఆర్ వచ్చి అతుక్కున్నప్పుడు ఆ మూత పోయింది. ఇక స్టార్టర్ బటన్ అతుక్కుపోయిన బావి మోటారులా ఆ ఎంజైము రాత్రీ పగలూ ఆగకుండా పనిచేస్తుంది. మీ తమ్ముడి తెల్ల కణాలు లక్ష దాటింది ఇందుకే. ఈ జబ్బుకు ఇచ్చే ఇమాటినిబ్ మాత్ర సరిగ్గా ఆ ఎంజైము శక్తి అందుకునే గుంటలో కూర్చుని దాన్ని ఆపుతుంది. 2001లో అమెరికాలో ఈ మందుకు అనుమతి వచ్చింది. అంతకుముందు సీఎంఎల్ వచ్చినవారికి మూలుగ మార్పిడి తప్ప నమ్మకమైన దారి లేదు. ఇప్పుడు తొలి దశలోనే పట్టుకుని, మాత్ర తప్పకుండా వేసుకునేవారిలో చాలామంది దాదాపు మామూలు ఆయుష్షు బతుకుతున్నారు.

మలేరియా విషయం. ప్రాణహిత ఒడ్డున గానీ కోరాపుట్ కొండల్లో గానీ బల్ల పెరిగితే ముందు మలేరియా అనుకోవడంలో తప్పు లేదు. కానీ మలేరియాలో తెల్ల కణాలు మామూలుగానో తక్కువగానో ఉంటాయి, లక్షకు పోవు. రెండో కోర్సు మలేరియా మందు ఇచ్చేముందు ఒక్క సీబీసీ (రక్త కణాల లెక్క), ఒక స్మియర్ (గాజు పలక మీద రక్తం పరచి చూసే పరీక్ష) చేయిస్తే చాలు. స్మియర్‌లో మైలోసైట్ల వంటి పండని తెల్ల కణాలు, వాటితో పాటు బేసోఫిల్స్ అనే మరో రకం తెల్ల కణాలు ఎక్కువగా కనబడితే అనుమానం ఇటు తిరగాలి. మీ ప్రాంతపు ఆశా కార్యకర్తలకూ, ల్యాబ్ టెక్నీషియన్లకూ ఈ మాట చేరవేయండి.

బల్లార్షా, చంద్రపూర్ జిల్లా: మా నాన్నగారికి బోన్ మ్యారో తీసి కేరియోటైప్, ఫిష్, పీసీఆర్ అని మూడు పరీక్షలు రాశారు. మూడూ ఒకటే, ఒకటి చాలు అని తెలిసినవాళ్లు అంటున్నారు. మే నెలలో శాంపిల్ మా చేతికే ఇచ్చి రైల్లో పంపించుకోమన్నారు. కేరియోటైప్ రిపోర్టులో ‘మెటాఫేజులు దొరకలేదు, మళ్లీ శాంపిల్ పంపండి’ అని వచ్చింది. ట్యూబుల ఫోటో, రిపోర్టు జత చేశాను. తప్పు ఎక్కడ జరిగింది?

జవాబు: మీ ఫోటోలో రెండు ట్యూబులకూ ఊదా రంగు మూతే ఉంది. తప్పు చాలావరకు అక్కడే జరిగింది, మిగతాది మే నెల ఎండ చేసింది.

ఊదా మూత ట్యూబులో ఈడీటీఏ అనే, రక్తం గడ్డకట్టనివ్వని రసాయనం ఉంటుంది. పీసీఆర్‌కు అదే సరైనది. కేరియోటైప్‌కు మాత్రం కణాలు ప్రాణంతో ల్యాబుకు చేరి, అక్కడ రెండుగా చీలాలి. దానికి ఆకుపచ్చ మూత ట్యూబు, అంటే సోడియం హెపారిన్ ఉన్నది కావాలి. ఈడీటీఏలో ఎక్కువసేపు ఉన్న కణాలు కల్చర్‌లో సరిగా పెరగవు. ఇటు హెపారిన్‌లో పంపిన రక్తం పీసీఆర్ రసాయన చర్యను అడ్డుకుంటుంది. కాబట్టి ఒకే శాంపిల్‌ను రెండు రకాల ట్యూబుల్లో పోయించాలి, మూతల రంగు మీరే చూసుకోవాలి. మూలుగ తీసేటప్పుడు మొదటి చుక్కలు స్మియర్లకు పోయాక, ఆ వెంటనే వచ్చే 2, 3 మిల్లీలీటర్లు కేరియోటైప్‌కు ఇమ్మని అడగండి. ఆఖరున లాగిన దాంట్లో మామూలు రక్తం కలిసిపోయి, చీలే కణాలు తక్కువ ఉంటాయి. ట్యూబులో పోసిన వెంటనే ఏడెనిమిది సార్లు మెల్లగా తలకిందులు చేయాలి. గడ్డ కట్టిన శాంపిల్ పనికిరాదు.

ల్యాబులో జరిగేది ఇది. కణాలను 37 డిగ్రీల దగ్గర 24 నుంచి 48 గంటలు పెంచుతారు. చీలే దశలో ఉన్నవాటిని (మెటాఫేజులను) కొల్సెమిడ్ అనే మందుతో అక్కడే ఆపుతారు. పొటాషియం క్లోరైడ్ పలుచటి ద్రావణంలో ఉబ్బిస్తారు. మూడు పాళ్లు మిథనాల్, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంతో స్థిరపరిచి, గాజు పలక మీద వేసి రంగు పట్టిస్తారు. అప్పుడు చారలు చారలుగా క్రోమోజోములు కనబడతాయి. ఇలా 20 కణాలు చూస్తారు. కణాలు దారిలోనే చచ్చిపోతే ఇందులో ఒక్క మెట్టూ ముందుకు సాగదు. అందుకే శాంపిల్ 24 గంటల్లో, ఎంత ఆలస్యమైనా 48 గంటల్లో ల్యాబులో ఉండాలి. చంద్రపూర్ ఎండలో బోగీలో కిటికీ పక్కన పెట్టిన డబ్బాలో అది బతకదు. థర్మాకోల్ డబ్బాలో చల్లని జెల్ ప్యాకులు పెట్టండి. అవి ట్యూబుకు తగలకుండా మధ్యలో మందపాటి గుడ్డ మడత ఉంచండి. ఐస్ ముక్కల్లో నేరుగా పెడితే కణాలు గడ్డకట్టి పగిలిపోతాయి. శుక్రవారం సాయంత్రం పంపే శాంపిల్ ఆదివారం దాకా గుమ్మంలో పడి ఉంటుంది. సోమవారం నుంచి బుధవారం లోపు తీయించుకోండి.

మూడు పరీక్షలూ ఒకటి కావు. కేరియోటైప్ అన్ని క్రోమోజోములనూ ఒకేసారి చూస్తుంది. సీఎంఎల్‌లో 9, 22 మార్పిడితో పాటు రెండో ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ గానీ, అదనపు 8 గానీ ఉంటే జబ్బు మొండిదని అర్థం. ఈ సంగతి మిగతా రెండు పరీక్షలూ పూర్తిగా చెప్పలేవు. ఫిష్‌లో చీలే కణాలు అక్కర్లేదు. బీసీఆర్ దగ్గర ఒక రంగు, ఏబీఎల్1 దగ్గర మరో రంగు వెలిగే ప్రోబులు వేస్తారు. మామూలు కణంలో రెండు ఎర్ర చుక్కలు, రెండు ఆకుపచ్చ చుక్కలు విడివిడిగా ఉంటాయి. జబ్బు కణంలో ఒక ఎరుపు, ఒక ఆకుపచ్చ, రెండు కలిసి పసుపుగా కనిపించే జంటలు రెండు ఉంటాయి. సాధారణంగా 200 కణాలు లెక్కపెడతారు, రెండు మూడు రోజుల్లో ఫలితం వస్తుంది. కేరియోటైప్‌లో కనబడకుండా దాగే ట్రాన్స్‌లొకేషన్లు ఇందులో దొరుకుతాయి. పీసీఆర్ ఆ కలిసిపోయిన జన్యువు రాసే ఆర్‌ఎన్‌ఏను కొలుస్తుంది. లక్ష కణాల్లో ఒకటి జబ్బుదైనా దొరకబుచ్చుకోగలదు. మందు వాడుతున్నప్పుడు మూడు నెలలకోసారి చేసేది ఇదే. దానికి మూలుగ అక్కర్లేదు, చేతి రక్తం చాలు.

మొదటిసారి మూడూ చేయించడమే మంచిది. ముఖ్యంగా మొదటి పీసీఆర్ రిపోర్టులో ట్రాన్స్‌క్రిప్ట్ (ఆ ఆర్‌ఎన్‌ఏ) రకం రాసి ఉందో లేదో చూడండి. ఇ13ఏ2 లేదా ఇ14ఏ2 అయితే దాని నుంచి వచ్చేది పీ210 అనే ప్రొటీన్, ఎక్కువమందిలో ఇదే. కొద్దిమందిలో ఇ19ఏ2 వంటి అరుదైన రకం ఉంటుంది, దాన్ని మామూలు పరీక్ష పట్టుకోలేదు. మొదట రకం తెలుసుకోకుండా మందు మొదలుపెట్టి మూడు నెలల తర్వాత పరీక్ష చేస్తే ‘కనబడలేదు’ అని వస్తుంది. జబ్బు తగ్గిందని ఇంట్లో అందరూ సంతోషిస్తారు, లోపల అది అలాగే ఉంటుంది. అందుకే ఆ మొదటి కాగితం జీవితాంతం దాచుకోవాలి. మరాఠీ, ఒడియా, తెలుగు రాష్ట్రాల ఆసుపత్రుల మధ్య తిరిగే మన సరిహద్దు రోగులకు ఇది ఇంకా అవసరం. ప్లాస్టిక్ కవర్లో పెట్టండి, ఫోన్లో ఫోటో కూడా ఉంచండి.

రిపోర్టు చదవడం కష్టం కాదు. ‘46, ఎక్స్‌వై, టి(9;22)(క్యూ34;క్యూ11.2)[20]’ అని ఉంటే: మొత్తం 46 క్రోమోజోములు, మగమనిషి, 9, 22 మధ్య ట్రాన్స్‌లొకేషన్, క్యూ అనే పొడవు చేతి మీద 34, 11.2 అనే చోట్ల తెగింది, చూసిన 20 కణాల్లోనూ అదే ఉంది. మందు మొదలయ్యాక ఆ చివరి అంకె ఎలా మారుతోందో చూడాలి.

రాయగడ: మా పెద్దబ్బాయికి సికిల్ సెల్ ఉంది, హైడ్రాక్సీయూరియా వాడుతున్నాడు. ఇప్పుడు మా ఆయనకి సీఎంఎల్ అని చెప్పి అదే క్యాప్సూల్ ఇచ్చారు. వారంలోనే తెల్ల కణాలు తగ్గాయి. రెండూ ఒకే జబ్బా? ఇదే వాడుకుంటూ పోవచ్చా?

జవాబు: అమ్మా, మందు ఒకటే, జబ్బులు వేరు. సికిల్ సెల్ తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన ఒక జన్యువులోని చిన్న మార్పు, కుటుంబాల్లో దిగుతుంది. మీవారిది మధ్యలో వచ్చిన జబ్బు, ఎవరికీ దిగదు. అబ్బాయికి ఆ క్యాప్సూల్ శిశుదశలో ఉండే హిమోగ్లోబిన్‌ను పెంచడానికి ఇస్తారు. మీవారికి ఇచ్చింది రక్తం చిక్కబడి ప్రమాదం రాకుండా తెల్ల కణాలను తొందరగా దించడానికి. లెక్క దిగుతుంది, కానీ ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ ఉన్న కణాలు అలాగే ఉంటాయి. హైడ్రాక్సీయూరియాతోనే సంవత్సరాలు నెట్టుకొచ్చిన సీఎంఎల్ చివరకు బ్లాస్ట్ దశకు, అంటే పండని కణాలు విపరీతంగా పెరిగే ఆఖరి దశకు, పోతుంది, అప్పుడు ఏ మందూ సరిగా వినదు. కాబట్టి అది రిపోర్టు వచ్చేదాకా వాడే మందు. బీసీఆర్-ఏబీఎల్1 పాజిటివ్ అని తేలగానే ఇమాటినిబ్ లేదా ఆ కోవలోని మరొకటి మొదలవ్వాలి. రెండు వారాలు దాటినా దాని ఊసు ఎత్తకపోతే మీరే అడగండి. ఇంట్లో ఇద్దరి సీసాలూ వేరు వేరు చోట పెట్టండి, మోతాదులు ఒకటి కావు.

గుణుపురం, రాయగడ జిల్లా: నాకు 41 ఏళ్లు. ఇమాటినిబ్ 400 రెండేళ్లుగా వేసుకుంటున్నాను. పోయిన పీసీఆర్ పరీక్షలో 0.08 శాతం ఉండేది, ఈసారి 0.9 వచ్చింది. ఈసారి వేరే ల్యాబులో చేయించాను. మధ్యలో టీబీ తేలి నాలుగు నెలలుగా దాని మందులు కూడా నడుస్తున్నాయి. మందు పనిచేయడం మానేసిందా?

జవాబు: మీ ఉత్తరంలో అసలు కారణం ఆఖరి ప్రశ్నకు ముందు వాక్యంలో ఉంది. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ కాలేయాన్ని ఉసిగొల్పి ఇమాటినిబ్‌ను త్వరత్వరగా విరగ్గొట్టిస్తుంది. రక్తంలో చేరే ఇమాటినిబ్ దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. మీరు 400 వేసుకుంటున్నా ఒంటికి 100 వేసుకున్నంతే అందుతోంది. టీబీ డాక్టరుకు సీఎంఎల్ సంగతి, సీఎంఎల్ డాక్టరుకు టీబీ సంగతి తెలియకపోతే ఇలాగే జరుగుతుంది. ఈ వారమే ఇద్దరి చీటీలూ ఇద్దరికీ చూపించండి. టీబీ మందు మీ అంతట మీరు ఆపకండి, మధ్యలో ఆపితే టీబీ మొండికేస్తుంది. ఇమాటినిబ్ మోతాదు పెంచాలా, రిఫాంపిసిన్ స్థానంలో రిఫాబ్యుటిన్ ఇవ్వాలా అన్నది వారిద్దరూ కలిసి తేల్చాలి. రెండు జబ్బుల మందులూ కాలేయం మీద భారమే కాబట్టి ఎల్‌ఎఫ్‌టీ (కాలేయ పరీక్ష) తరచూ చేయించాలి. టీబీ కోర్సు ముగిశాక కూడా రిఫాంపిసిన్ ప్రభావం ఒకటి రెండు వారాలు ఉంటుంది. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ కూడా ఇలాంటివే.

ఇక అంకెల సంగతి. పీసీఆర్ ఫలితం అంతర్జాతీయ స్కేలు మీద, అంటే ‘ఐఎస్’ అని రాసి, ఇస్తేనే ఒక ల్యాబు అంకెను మరో ల్యాబు అంకెతో పోల్చవచ్చు. మీరు పంపిన రెండో రిపోర్టులో ఐఎస్ అన్న మాట లేదు. కంట్రోల్ జన్యువు, అంటే పోలిక కోసం కొలిచే ఏబీఎల్1, కాపీలు ఎన్నో కూడా రాయలేదు. ఏబీఎల్1 కాపీలు 10,000 కన్నా తక్కువ ఉంటే ఆ శాంపిల్‌లో ఆర్‌ఎన్‌ఏ చెడిపోయిందని లెక్క, ఆ ఫలితం మీద నిర్ణయాలు తీసుకోకూడదు. మొదట చేయించిన ల్యాబులోనే, ఊదా మూత ట్యూబుల్లో 10 మిల్లీలీటర్ల రక్తంతో, నెల లోపు మళ్లీ చేయించండి.

లక్ష్యాలు ఇవి: మూడు నెలలకు 10 శాతం లోపు, ఆరు నెలలకు 1 శాతం లోపు, ఏడాదికి 0.1 శాతం లోపు. 0.1 దిగువకు ఒకసారి వెళ్లి మళ్లీ పైకి వస్తే పట్టించుకుని తీరాలి. మళ్లీ చేసిన పరీక్షలోనూ ఎక్కువే ఉంటే, మాత్రలు సరిగా వేసుకుంటున్నారా అన్నది మొదట చూస్తారు. నెలకు 30 మాత్రల్లో మూడుకు మించి తప్పినవారిలో ఫలితం బాగా దెబ్బతింటుంది. ఇది మా అనుమానం కాదు, రోగుల మాత్రల సీసాలకు ఎలక్ట్రానిక్ మూతలు బిగించి లెక్కపెట్టి తేల్చిన విషయం. అదీ సరిగానే ఉంటే ఏబీఎల్1 కైనేజ్ మ్యుటేషన్ పరీక్ష చేస్తారు. ఎంజైములో మందు కూర్చునే చోటే మారిపోతే మందు పట్టదు. టీ315ఐ అనే మార్పు ఉంటే ఇమాటినిబ్, డాసాటినిబ్, నిలోటినిబ్ మూడూ పనిచేయవు. దానికి పోనాటినిబ్ లేదా అసిమినిబ్ కావాలి. అందుకే పరీక్ష చేయకుండా ఊరికే మందు మార్చేయడం సరికాదు.

ఇమాటినిబ్‌ను అన్నం తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోండి. ఖాళీ కడుపున వేసుకుని వాంతులై, ఆ భయంతో మాత్రలు దాటేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మింగలేనివారు 400 మాత్రను 200 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, కరగగానే తాగవచ్చు. కళ్ల కింద వాపు, పిక్కలు పట్టేయడం, ఒంటి రంగు తేలడం కనిపించినా మాత్ర ఆపకుండా డాక్టరుకు చెప్పండి. ఒకవేళ మిమ్మల్ని నిలోటినిబ్‌కు మారిస్తే తీరు తిరగబడుతుంది: మాత్ర వేసుకోవడానికి రెండు గంటల ముందు నుంచి, వేసుకున్నాక గంట దాకా ఏమీ తినకూడదు. డాసాటినిబ్ అయితే ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలు దాన్ని ఒంటికి పట్టనివ్వవు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే గ్యాస్ మాత్ర కూడా లెక్కే.

బరంపురం, గంజాం జిల్లా: మా చెల్లెలికి 22 ఏళ్లు. చిగుళ్ల నుంచి రక్తం, ఒంటి మీద నల్ల మచ్చలు. ప్లేట్‌లెట్లు 14,000. ఏపీఎల్ అనే రక్త క్యాన్సర్ కావచ్చని, రిపోర్టు రాకముందే మందు మొదలుపెడతామని అంటున్నారు. రిపోర్టు వచ్చాక విశాఖ తీసుకెళ్లి మొదలుపెడదామని మా మామయ్య అంటున్నారు. ఏది మంచిది?

జవాబు: ఈ సంచిక మీకు అందేసరికి ఆలస్యం అవుతుందని ఈ జవాబు మీకు ముందే ఫోన్లో చెప్పాం. ఇతరుల కోసం ఇక్కడ వేస్తున్నాం. డాక్టర్లు చెప్పిందే సరైనది. ఇప్పుడున్న ఊళ్లో, ఉన్న ఆసుపత్రిలో, మందు ఆ పూటే మొదలవ్వాలి. ప్రయాణం సంగతి ఆ తర్వాత.

మిగతా రక్త క్యాన్సర్లలో సాధారణంగా రిపోర్టు ముందు, అసలు మందు తర్వాత. ఏపీఎల్‌లో మాత్రం తలకిందులు. 15, 17 క్రోమోజోముల మధ్య ముక్కలు మారి పీఎంఎల్, ఆర్ఏఆర్ఏ అనే జన్యువులు కలుస్తాయి. ఆ కలయిక వల్ల తెల్ల కణాలు పండకుండా పసితనంలోనే ఆగిపోతాయి. వాటిలోని రేణువులు రక్తం గడ్డకట్టే ఏర్పాటునే ఛిన్నాభిన్నం చేస్తాయి. మరణాల్లో ఎక్కువ మొదటి కొన్ని రోజుల్లో, మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం కారి జరిగేవే. ఆ గండం దాటితే, తెల్ల కణాలు 10,000 లోపు ఉన్నవారిలో పదిమందిలో తొమ్మిది మందికి పైగా పూర్తిగా నయమవుతారు. రక్త క్యాన్సర్లలో ఇంత ప్రమాదకరంగా మొదలై ఇంత బాగా నయమయ్యేది మరొకటి లేదు.

మందు పేరు ఏటీఆర్ఏ, లేదా ట్రెటినోయిన్. విటమిన్ ఏ కోవలోది. పసితనంలో ఆగిపోయిన కణాలను పండేలా చేస్తుంది. శరీర ఉపరితలం చదరపు మీటరుకు రోజుకు 45 మిల్లీగ్రాములు, రెండు పూటలుగా, తిండితో. చదరపు మీటరున్నర ఉన్న అమ్మాయికి సుమారు 70, అంటే 10 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లు పొద్దున నాలుగు, రాత్రి మూడు. దీనికి తోడు ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ సెలైన్‌లో ఇస్తారు, కిలోకు 0.15 మిల్లీగ్రాములు. ఒకవేళ రిపోర్టులో ఏపీఎల్ కాదని తేలితే ఏటీఆర్ఏ ఆపేస్తారు, రెండు మూడు రోజులు వేసుకున్నందుకు పెద్ద నష్టం లేదు. వేయకుండా రెండు రోజులు ఆగినందుకు ప్రాణం పోవచ్చు.

దానితో పాటు ప్లేట్‌లెట్లను 30,000 నుంచి 50,000 పైన, రక్తం గడ్డకట్టించే ప్రొటీన్ అయిన ఫైబ్రినోజెన్‌ను డెసిలీటరుకు 100 నుంచి 150 మిల్లీగ్రాముల పైన ఉంచాలి. అందుకు ప్లేట్‌లెట్లు, క్రయోప్రెసిపిటేట్ (ఫైబ్రినోజెన్ ఉండే రక్త భాగం) ఎక్కిస్తారు. కాబట్టి బంధువుల్లో రక్తదాతలను ముందే సిద్ధంగా ఉంచండి. కండకు ఇంజెక్షన్ చేయించవద్దు. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ ఇవ్వవద్దు. పళ్లు బ్రష్‌తో తోమకుండా నోరు పుక్కిలించమనండి. మొదటి మూడు వారాల్లో జ్వరం, ఆయాసం, ఒక్కసారిగా బరువు పెరగడం కనిపిస్తే అది డిఫరెన్షియేషన్ సిండ్రోమ్ (ఈ మందుల వల్ల వచ్చే ప్రమాదకరమైన ప్రతిచర్య) కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా నర్సుకు చెప్పాలి. డెక్సామెథసోన్ 10 మిల్లీగ్రాములు పూటకొకటి, రోజుకు రెండుసార్లు, వెంటనే మొదలవుతుంది. రోజూ ఒకే తూకం మీద బరువు చూసి రాసిపెట్టడం ఇంటివాళ్లు చేయగల పని. ఆర్సెనిక్ నడుస్తున్నంతకాలం ఈసీజీ, పొటాషియం, మెగ్నీషియం చూస్తూ ఉండాలి.

పర్లాకిమిడి, గజపతి జిల్లా: మా గుంటకి నాలుగేళ్లు, బీ-ఏఎల్ఎల్ అనే రక్త క్యాన్సర్ అన్నారు. కేరియోటైప్‌లో 46, ఎక్స్ఎక్స్, అంతా మామూలే అని వచ్చింది. ఫిష్‌లో ఈటీవీ6-ఆర్‌యూఎన్ఎక్స్1 పాజిటివ్ అని వచ్చింది. ఏది నమ్మాలి? దానికి కవల చెల్లెలుంది, ఇద్దరూ అచ్చు ఒక్కలాగే ఉంటారు. దానికీ వస్తుందా?

జవాబు: రెండూ నిజమే. ఈటీవీ6 ఉండే 12, ఆర్‌యూఎన్ఎక్స్1 ఉండే 21 క్రోమోజోముల చివర మారే ముక్కలు ఒకే సైజువి, ఒకేలా లేత రంగు పట్టేవి. మైక్రోస్కోపు కింద ఎంత అనుభవమున్న కన్నుకైనా తేడా తెలియదు. అందుకే పిల్లల ఏఎల్ఎల్‌లో కేరియోటైప్ మామూలుగా ఉందని అక్కడితో ఆగకూడదు. మీ ఆసుపత్రి ఫిష్ చేసి మంచి పని చేసింది. ఫలితం కూడా మంచిదే. ఈ కలయిక ఉన్న పిల్లలు మందుకు బాగా లొంగుతారు. నెల రోజుల మొదటి విడత అయ్యాక చేసే ఎంఆర్‌డీ (మిగిలిన జబ్బు కణాలను వెతికే) పరీక్షలో 0.01 శాతం కన్నా తక్కువ వస్తే ఇంకా ధైర్యం. అయితే రెండేళ్ల పైచిలుకు వైద్యం మొత్తం పూర్తవ్వాలి. పాప బాగా ఆడుకుంటోందని మధ్యలో మానిపించేస్తే జబ్బు తిరిగి వస్తుంది. మెయింటెనెన్స్‌లో (ఆఖరి, సుదీర్ఘ విడతలో) 6-ఎంపీ మాత్రలు రోజూ, మెథోట్రెక్సేట్ మాత్రలు వారానికి ఒక్కరోజే. మెథోట్రెక్సేట్ పొరపాటున రోజూ వేస్తే మూలుగ ఎండిపోతుంది, నోరంతా పూస్తుంది. ఆ రోజు ఏ వారమో క్యాలెండర్ మీద గుండ్రంగా గీసి పెట్టండి.

కవల చెల్లెలి ప్రశ్న చాలా సరైన ప్రశ్న. ఈ 12, 21 కలయిక తరచూ తల్లి కడుపులోనే జరుగుతుంది. తర్వాత జబ్బు పడిన పిల్లలకు పుట్టినప్పుడు తీసిన మడమ రక్తపు మరకల్లోనే ఇది దొరికింది. మాయ ఒకటే అయిన కవలల్లో ఒకరిలో పుట్టిన కణం రక్తం ద్వారా రెండో బిడ్డకు చేరుతుంది. అంటే ఇది వంశపారంపర్యం కాదు, ఒకరి నుంచి ఒకరికి అందిన కణం. అయితే ఆ ఒక్క కలయికతో జబ్బు రాదు, తర్వాత ఇంకో దెబ్బ తగలాలి. సాధారణంగా రెండో ఈటీవీ6 కాపీ కూడా పోవాలి. ఈ వయసులో ఒకరికి వస్తే రెండోవారికి వచ్చే అవకాశం 10 శాతం చుట్టూ ఉంటుంది. ఏడాది లోపు పసివాళ్లలో 11వ క్రోమోజోమ్ మీది కేఎంటీ2ఏ మారి వచ్చే జబ్బు సంగతి వేరు, మాయ పంచుకున్న కవలలో రెండో బిడ్డకూ దాదాపు తప్పకుండా వస్తుంది. ప్రసవం నాటి కాగితాల్లో మాయ ఒకటా రెండా అని ఉంటే వెతికి తీసి పిల్లల క్యాన్సర్ డాక్టరుకు చూపండి. చెల్లెలికి ఇప్పుడు ఒక సీబీసీ, స్మియర్ చేయించి, తర్వాత ఎన్నాళ్లకోసారి చేయాలో వారినే అడగండి. ఆగని జ్వరం, పాలిపోవడం, కాళ్ల నొప్పులు అని ఏడవడం ఉంటే ఆ రోజే చూపించండి. మామూలు అన్నదమ్ములకూ, అచ్చు ఒకేలా ఉండని కవలలకూ ఈ లెక్క వర్తించదు.

దుర్గాపూర్, చంద్రపూర్ జిల్లా: బొగ్గు గనిలో ఇరవై ఏళ్లు పనిచేశాను. సీఎంఎల్ దానివల్లేనా? సెల్ టవర్ వల్ల అంటున్నారు.

జవాబు: బొగ్గు దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, కానీ 9, 22 మార్పిడికి అది కారణమని తేలలేదు. సెల్ టవర్ తరంగాలకు డీఎన్ఏను తెంచే శక్తి లేదు. అణుబాంబు తర్వాత హిరోషిమా, నాగసాకిలో బతికిన వారిలో సీఎంఎల్ పెరిగింది, అంటే పెద్ద మోతాదు రేడియేషన్ కారణం కాగలదు. బెంజీన్ మరో రకం రక్త క్యాన్సర్లకు దారి తీస్తుంది. ఎటొపోసైడ్ వంటి కీమో మందుల తర్వాత కేఎంటీ2ఏ మార్పులతో ల్యుకేమియా రావచ్చు. ఎక్కువమందిలో ఏ కారణమూ దొరకదు.

జయపురం, కోరాపుట్ జిల్లా: మాది ఒడిశా రేషన్ కార్డు. విశాఖలో చూపించుకుంటే ఆంధ్ర ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా? ఇమాటినిబ్ బ్రాండు మందే వాడాలా?

జవాబు: ఆంధ్ర పథకం ఆంధ్ర వాసులకే, మహారాష్ట్ర మహాత్మా ఫులే పథకం అక్కడివారికే. మీకు పనికొచ్చేది ఆయుష్మాన్ పీఎం-జేఏవై కార్డు. 2025 నుంచి ఒడిశాలోనూ ఇస్తున్నారు. పక్క రాష్ట్రంలోనైనా ఆ జాబితాలో ఉన్న ఆసుపత్రిలో చెల్లుతుంది. బయల్దేరేముందే ఆ ఆసుపత్రి జాబితాలో ఉందా, మీ జబ్బు ప్యాకేజీ ఉందా అని కౌంటరుకు ఫోన్ చేసి అడగండి. క్యాన్సర్ రోగికీ, తోడు వెళ్లే ఒకరికీ రైలు టికెట్‌లో రాయితీ ఉంది, ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం కావాలి. మందు విషయంలో, మంచి కంపెనీ జెనెరిక్ చాలు. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు గ్లివెక్ (ఇమాటినిబ్ బ్రాండు పేరు) పేటెంట్ దరఖాస్తును కొట్టేయడంతో జెనెరిక్‌లకు అడ్డు తొలగిపోయింది. కంపెనీ మారితే మారిన తేదీ రాసుకోండి, తర్వాతి పీసీఆర్ అంకె పెరిగితే అది గుర్తుకు రావాలి.

ధర్మాబాద్, నాందేడ్ జిల్లా: నాకు 27 ఏళ్లు, సీఎంఎల్‌కు ఆరేళ్లుగా ఇమాటినిబ్. మూడేళ్లుగా రిపోర్టులో 0.01 కన్నా తక్కువే ఉంటుంది. పిల్లలు కావాలి. మాత్ర ఆపవచ్చా?

జవాబు: మీ అంకెలు బాగున్నాయి, ఆపి చూడటానికి అర్హత ఉంది. తొలి దశ జబ్బు, ఐదేళ్లకు పైగా మందు, కనీసం రెండేళ్లు 0.01 శాతం దిగువన ఉండటం, ట్రాన్స్‌క్రిప్ట్ కొలవగలిగే రకం కావడం, ఇవీ షరతులు. ఇక్కడే మీ మొదటి రిపోర్టు మళ్లీ అవసరం పడుతుంది. ఆపినవారిలో సుమారు సగం మందికి జబ్బు మళ్లీ కనబడుతుంది, ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే. అప్పుడు మందు తిరిగి మొదలుపెడితే దాదాపు అందరిలో మళ్లీ అదుపులోకి వస్తుంది. అందుకే గర్భం వెంటనే కాకుండా, ఆపాక కనీసం ఆరు నెలలు నెలనెలా పీసీఆర్ చూసి, నిలకడగా ఉంటే ప్రయత్నించడం మేలు. ఆ ఆరు నెలల్లో కొందరికి కీళ్లు, కండరాలు నొప్పులు వస్తాయి. అవి జబ్బు తిరగబెట్టిన గుర్తు కాదు, కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గుతాయి.

మాత్ర వేసుకుంటూ గర్భం దాల్చకూడదు. మొదటి మూడు నెలల్లో ఇమాటినిబ్ బిడ్డ ఎముకలు, మూత్రపిండాలు, పొట్ట గోడ తయారీని చెడగొట్టే ప్రమాదం ఉంది. నెల తప్పిందని అనుమానం వస్తే వెంటనే పరీక్ష చేసుకుని డాక్టరుకు చెప్పండి. గర్భంలో అంకె పెరిగితే ఇంటర్‌ఫెరాన్ వాడే వీలుంది, హైడ్రాక్సీయూరియా వద్దు. ఈ కోవ మందులు పాలల్లోకి వస్తాయి కాబట్టి మాత్ర మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే బిడ్డకు చనుబాలు ఆపాలి. పీసీఆర్ అప్పటిదాకా చేయించిన ల్యాబులోనే కొనసాగించండి.